సీసీఎన్ఏనా, సీసీఎన్పీనా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

ఈ ఎపిసోడ్ టాపిక్ నేను ఎంచుకున్నది కాదు, మీరు అడిగి అడిగి పెట్టించుకున్నది. "అన్నా, బీటెక్ అయిపోయింది, నెట్‌వర్కింగ్ వైపు వెళ్దామనుకుంటున్నా. సీసీఎన్ఏ చేయాలా, డైరెక్ట్‌గా సీసీఎన్పీ చేసేయాలా? ఇన్‌స్టిట్యూట్ వాళ్లేమో రెండూ కలిపి ప్యాకేజీ ఇస్తాం, ఇప్పుడే కడితే డిస్కౌంట్ అంటున్నారు." ఇదీ ప్రశ్న.

వీడియో చివరిదాకా కూర్చోబెట్టి జవాబు చెప్పడం నాకు ఇష్టం లేదు, ముందే చెప్పేస్తా. ఉద్యోగం ఇంకా రాలేదంటే సీసీఎన్ఏ ఒక్కటే చేయండి, సీసీఎన్పీకి ఇప్పుడు రూపాయి కూడా కట్టొద్దు. ఆల్రెడీ నెట్‌వర్క్ టీంలో ఏడాది, రెండేళ్లుగా పనిచేస్తుంటే సీసీఎన్పీకి టైం వచ్చింది. ఎందుకు అనేదే మిగతా ఎపిసోడ్ అంతా. ఆ "ఎందుకు" అర్థమైతే రేపు ఎవరు ఏ ప్యాకేజీ అమ్మడానికి వచ్చినా మీరే లెక్క వేసుకోగలరు.

అసలు ఈ మెట్లు ఏంటి?

ఇవి సిస్కో కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్లు. ఆఫీసుల్లో, బ్యాంకుల్లో, కాలేజీల్లో కనిపించే రౌటర్లు, స్విచ్‌లు తయారుచేసే పెద్ద కంపెనీల్లో సిస్కో ఒకటి. ఆ పరికరాల మీద పని చేయడం వచ్చా రాదా అని వాళ్లే పరీక్ష పెట్టి సర్టిఫై చేస్తారు.

కింద నుంచి చూస్తే మొదట సీసీఎస్‌టీ, అంటే సపోర్ట్ టెక్నీషియన్ స్థాయి. దాని పైన సీసీఎన్ఏ, దీన్ని అసోసియేట్ లెవెల్ అంటారు. దాని పైన సీసీఎన్పీ, ప్రొఫెషనల్ లెవెల్. అన్నిటికన్నా పైన సీసీఐఈ, ఎక్స్‌పర్ట్ లెవెల్.

ఇక్కడ ఒక ఇంట్రెస్టింగ్ విషయం ఉంది. వీటిలో ముందు పుట్టింది కింది మెట్టు కాదు, పై మెట్టు. సీసీఐఈ 1993లో వచ్చింది, సీసీఎన్ఏ 1998లో. అంటే అప్పటికే నెట్‌వర్కులు నడుపుతున్న అనుభవజ్ఞుల కోసం మొదట పరీక్ష పెట్టారు. కొత్తగా వచ్చేవాళ్ల కోసం సీసీఎన్ఏ ఆ తర్వాత వచ్చింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. పై పరీక్షలు ఫీల్డ్‌లో తిరిగిన మనిషిని మనసులో పెట్టుకుని తయారైనవి. సీసీఎన్ఏ మాత్రం మీలాంటి ఫ్రెషర్‌ని మనసులో పెట్టుకుని తయారైంది.

సీసీఎన్ఏలో ఏముంటుంది?

ఒకటే పరీక్ష. కోడ్ 200-301. టైం 120 నిమిషాలు. ఫీజు 300 డాలర్లు, పైన పన్ను. రూపాయల్లో పాతిక వేలు దాటేస్తుంది, పన్నుతో కలిపితే ముప్పై వేలు కూడా దాటొచ్చు.

సిలబస్‌ని ఆరు భాగాలు చేశారు. నెట్‌వర్క్ బేసిక్స్ 20 శాతం, స్విచ్‌లు, వైఫై లాంటి నెట్‌వర్క్ యాక్సెస్ 20 శాతం, రౌటింగ్ 25 శాతం, డీహెచ్‌సీపీ, నాట్ లాంటి ఐపీ సర్వీసులు 10 శాతం, సెక్యూరిటీ 15 శాతం, ఆటోమేషన్ 10 శాతం. గమనించారా, రౌటింగ్‌కే అన్నిటికన్నా ఎక్కువ వాటా. చాలామంది మొదటి రెండు భాగాలు బాగా చదివి, రౌటింగ్ దగ్గరికి వచ్చేసరికి అలసిపోతారు. మీరు అలా చేయకండి.

సీసీఎన్ఏ అడిగే ప్రశ్న ఎలా ఉంటుందో ఒక శాంపిల్ చూద్దాం. ఒక రౌటర్‌లో రెండు రూట్లు ఉన్నాయి. ఒకటి మనం చేత్తో రాసిన స్టాటిక్ రూట్, 10.1.0.0 స్లాష్ 16. ఇంకోటి ఓఎస్పీఎఫ్ ద్వారా నేర్చుకున్నది, 10.1.1.0 స్లాష్ 24. ఇప్పుడు 10.1.1.5కి ఒక ప్యాకెట్ వచ్చింది. రౌటర్ దేన్ని వాడుతుంది?

"స్టాటిక్ రూట్ అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ 1, ఓఎస్పీఎఫ్‌ది 110, తక్కువ ఉన్నదే గెలుస్తుంది కాబట్టి స్టాటిక్" అని చాలామంది టకామని చెప్పేస్తారు. తప్పు. రౌటర్ మొదట చూసేది ఏ రూట్ ఎక్కువ కచ్చితంగా ఉంది అనేది. స్లాష్ 24 ఇంకా కచ్చితం, కాబట్టి ఓఎస్పీఎఫ్ రూటే వాడుతుంది. డిస్టెన్స్ పోలిక ఒకే నెట్‌వర్క్‌కి, ఒకే మాస్క్‌తో రెండు దారులు ఉన్నప్పుడే. చూడ్డానికి చిన్న పాయింటే. కానీ ఇంటర్వ్యూలో ఇదే అడుగుతారు, ఉద్యోగంలో ఇదే తగులుతుంది.

సీసీఎన్పీ ఎలా వేరు?

సీసీఎన్పీలో రకాలున్నాయి. ఎంటర్‌ప్రైజ్, సెక్యూరిటీ, డేటా సెంటర్, ఇలా. మనం ఎక్కువమంది చేసే ఎంటర్‌ప్రైజ్ గురించి మాట్లాడుకుందాం. ఇందులో రెండు పరీక్షలు పాస్ అవ్వాలి. ఒకటి కోర్ పరీక్ష, ఎన్‌కోర్ అంటారు, కోడ్ 350-401, 120 నిమిషాలు, ఫీజు 400 డాలర్లు. రెండోది మనం ఎంచుకునే స్పెషలైజేషన్ పరీక్ష. ఎక్కువమంది తీసుకునేది ఎనార్సీ, కోడ్ 300-410, 90 నిమిషాలు, 300 డాలర్లు. మొత్తం 700 డాలర్లు, పైన పన్ను. సీసీఎన్ఏకి రెట్టింపు కన్నా ఎక్కువ.

ఇప్పుడు అసలు గందరగోళం ఎక్కడ మొదలైందో చెప్తా. 2020 ఫిబ్రవరి 24కి ముందు సీసీఎన్పీ రావాలంటే సీసీఎన్ఏ ఉండి తీరాలి. ఆ రోజు నుంచి సిస్కో ఆ రూల్ తీసేసింది. ఇప్పుడు ఎవరైనా నేరుగా సీసీఎన్పీ పరీక్ష రాయొచ్చు. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు పట్టుకున్నది ఈ పాయింటే. "సీసీఎన్ఏ అవసరం లేదు, డైరెక్ట్ సీసీఎన్పీ" అని బోర్డు మీద రాస్తారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. రూల్ నిజంగానే లేదు. కానీ సర్టిఫికెట్ రూల్ పోయినంత మాత్రాన సిలబస్ తగ్గలేదు. ఎన్‌కోర్ పరీక్ష సీసీఎన్ఏ పాఠాలన్నీ మీకు ఆల్రెడీ వచ్చు అనుకునే మొదలవుతుంది. ఆ బేసిక్స్ లేకుండా అక్కడికెళ్తే నేల విడిచి సాము చేసినట్టే.

ఒకే ఆఫీసు, మూడు స్థాయిలు

తేడా సిలబస్ లిస్టు చూస్తే అర్థం కాదు. "ఓఎస్పీఎఫ్" అనే పేరు సీసీఎన్ఏలో ఉంది, సీసీఎన్పీలో ఉంది, సీసీఐఈలోనూ ఉంది. మరి తేడా ఏంటి? ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక కంపెనీకి హైదరాబాద్‌లో హెడ్ ఆఫీస్, విజయవాడలో బ్రాంచ్ ఉన్నాయి.

మొదటి సీన్. విజయవాడలో ఒక కొత్త కంప్యూటర్ పెట్టారు, నెట్ రావట్లేదు. చూస్తే ఐపీ అడ్రస్ 169.254తో మొదలవుతోంది. అంటే దానికి డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి అడ్రస్ రాలేదు, అదే ఏదో ఒకటి పెట్టేసుకుంది. సర్వరేమో హైదరాబాద్‌లో ఉంది. కంప్యూటర్ "నాకు అడ్రస్ ఇవ్వండి" అని అరిచే అరుపు బ్రాడ్‌కాస్ట్. బ్రాడ్‌కాస్ట్‌ని రౌటర్ దాటనివ్వదు. అందుకే బ్రాంచ్ రౌటర్‌లో హెల్పర్ అడ్రస్ అని ఒక లైన్ రాయాలి. అప్పుడు ఆ రౌటర్ అడ్రస్ రిక్వెస్ట్‌ని నేరుగా హైదరాబాద్ సర్వర్‌కి పంపుతుంది. ఇది సీసీఎన్ఏ. విషయం ఎలా పనిచేస్తుందో తెలిస్తే చాలు, ఏం తప్పిపోయిందో దొరుకుతుంది.

అదే సీన్‌లో ఇంకోటి. రెండు రౌటర్లు ఓఎస్పీఎఫ్‌లో నైబర్స్ అవ్వట్లేదు. సీసీఎన్ఏ చదివినవాళ్లు చెక్ చేయాల్సిన లిస్టు ఒకటుంది. ఏరియా నంబర్ రెండు వైపులా ఒకటేనా? హలో టైమర్, డెడ్ టైమర్ మ్యాచ్ అవుతున్నాయా? ఈథర్‌నెట్ మీద మామూలుగా 10 సెకన్లు, 40 సెకన్లు ఉంటాయి. సబ్‌నెట్ మాస్క్ ఒకటేనా? ఈ మూడూ చూస్తే చాలాసార్లు సమస్య దొరికిపోతుంది.

రెండో సీన్. ఇవన్నీ కరెక్ట్‌గానే ఉన్నాయి. రౌటర్లు ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి కూడా. కానీ స్టేటస్ ఎక్స్‌స్టార్ట్ దగ్గర ఇరుక్కుపోయింది, ముందుకు పోవట్లేదు. ఇక్కడ అనుమానించాల్సింది ఎంటీయూని. ఒక వైపు ఇంటర్‌ఫేస్ 1500 బైట్ల ప్యాకెట్ పట్టేలా ఉంది, ఇంకోవైపు సైజు వేరేగా సెట్ అయి ఉంది. హలో ప్యాకెట్లలో ఎంటీయూ సంగతి ఉండదు, అందుకే పలకరింపులు అయిపోయాయి. డేటాబేస్ వివరాలు మార్చుకునే దగ్గర ఎంటీయూ పోల్చి చూసుకుంటాయి, అక్కడ ఆగిపోయాయి. ఇది సీసీఎన్పీ తరహా సమస్య. "ఇక్కడిదాకా వచ్చింది, ఇక్కడే ఎందుకు ఆగింది?" అని అడగడం రావాలి.

ఇంకొంచెం పైకెళ్దాం. ఈ కంపెనీ ఇంకో చిన్న కంపెనీని కొన్నది. వాళ్ల నెట్‌వర్క్‌లో ఈఐజీఆర్పీ నడుస్తోంది, మనదాంట్లో ఓఎస్పీఎఫ్. రెండిటినీ కలపడానికి రెండు రౌటర్లు పెట్టారు, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందని. రెండింట్లోనూ అటు రూట్లు ఇటు, ఇటు రూట్లు అటు పంచుతున్నారు. దీన్ని రీడిస్ట్రిబ్యూషన్ అంటారు. ఇప్పుడు చూడండి ఏమవుతుందో. ఈఐజీఆర్పీలోకి బయట నుంచి వచ్చిన రూట్‌కి డిస్టెన్స్ 170. ఆ రూట్‌ని మొదటి రౌటర్ ఓఎస్పీఎఫ్‌లోకి పంపింది. అది తిరిగి రెండో రౌటర్‌కి ఓఎస్పీఎఫ్ ద్వారా చేరింది, అక్కడ డిస్టెన్స్ 110. 170 కన్నా 110 తక్కువ. కాబట్టి రెండో రౌటర్ పక్కనే ఉన్న అసలు దారి వదిలేసి, చుట్టూ తిరిగే దారి పట్టుకుంటుంది. పోతే పోనీ అనుకుంటే, కొన్నిసార్లు ప్యాకెట్లు రెండిటి మధ్యే గిరగిరా తిరుగుతాయి. దీనికి మందు ఏంటంటే, ఒక చోట పంచేటప్పుడు రూట్‌కి ఒక ట్యాగ్ తగిలించి, ఇంకో చోట ఆ ట్యాగ్ ఉన్నదాన్ని వెనక్కి రానివ్వకపోవడం.

నేను చెప్తుంటే మీకు అర్థమైనట్టే ఉంటుంది. కానీ నిజంగా నడుస్తున్న నెట్‌వర్క్ ఒక్కసారైనా చూడకుండా, దీన్ని చదివి గుర్తుపెట్టుకోవడం చాలా కష్టం. పెట్టుకున్నా మూడు నెలల్లో పోతుంది. సీసీఎన్పీని ఉద్యోగం తర్వాత పెట్టుకోమంటున్నది అందుకే. సిలబస్‌లో ప్రతి పేజీ చదివేటప్పుడు "ఓహో, మొన్న మా టీంలో వచ్చిన టికెట్ ఇదే కదా" అనిపించాలి. అప్పుడు సగం టైంలో చదువు అయిపోతుంది.

మూడో సీన్, సీసీఐఈ. ఎన్‌కోర్ లాంటి కోర్ పరీక్ష పాసైతే ల్యాబ్ పరీక్ష రాయడానికి అర్హత వస్తుంది. ల్యాబ్ ఎనిమిది గంటలు. మొదటి మూడు గంటలు డిజైన్, అంటే ఆ రెండు కంపెనీలను అసలు అలా కలపాలా, వేరే దారి ఉందా అని తేల్చే ప్రశ్నలు. తర్వాత ఐదు గంటలు కీబోర్డ్ ముందు కూర్చుని కట్టడం, నడపడం, రిపేర్ చేయడం. మనకు దగ్గర్లో ల్యాబ్ సెంటర్ బెంగళూరులో ఉంది. ఒక్కసారి రాయడానికే పదిహేను వందల డాలర్లకు పైన అవుతుంది. ఫ్రెషర్‌కి సీసీఐఈతో కలిపి ప్యాకేజీ అమ్మడం అంటే, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉంటుంది.

మూడేళ్ల గడియారం

ఇది చాలామంది చెప్పని పాయింట్, కాబట్టి జాగ్రత్తగా వినండి. సీసీఎన్ఏకి, సీసీఎన్పీకి, సీసీఐఈకి, అన్నిటికీ వాలిడిటీ మూడేళ్లే. ఆ లోపు రెన్యూ చేసుకోవాలి. సీసీఎన్ఏ రెన్యూ చేయడానికి మళ్లీ అదే పరీక్ష రాయనక్కర్లేదు. సీసీఎన్పీలోని ఏ ఒక్క పరీక్ష పాసైనా సీసీఎన్ఏ ఆటోమేటిక్‌గా రెన్యూ అవుతుంది. లేదంటే సిస్కో ఒప్పుకున్న కోర్సులు చేసి 30 క్రెడిట్లు తెచ్చుకోవచ్చు.

ఇప్పుడు లెక్క వేయండి. మీరు ఫైనల్ ఇయర్‌లోనో, బీటెక్ అయిన వెంటనేనో సీసీఎన్ఏ పాసయ్యారు. ఆ తర్వాత ఉద్యోగం వచ్చింది. రెండేళ్లు పనిచేశారు. మూడో ఏడాదిలో ఎన్‌కోర్ రాశారు. ఒక్క ఫీజుతో మూడు పనులు అయ్యాయి. సీసీఎన్ఏ రెన్యూ అయింది, సీసీఎన్పీలో సగం అయింది, సీసీఐఈ ల్యాబ్ తలుపు తెరుచుకుంది. పైగా చాలా కంపెనీలు పాసైతే ఆ ఫీజు వెనక్కి ఇస్తాయి, మీ హెచ్ఆర్‌ని అడిగి తెలుసుకోండి.

దీనికి తిరగేసి చూడండి. ఉద్యోగం లేకుండానే సీసీఎన్ఏ, సీసీఎన్పీ రెండూ చేశారు. వెయ్యి డాలర్లు ఫీజులకే, కోచింగ్ వేరే. మొదటి ఉద్యోగం ఎక్కువగా ఎల్1 పోస్టే, అంటే నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్‌లో షిఫ్టుల్లో అలర్ట్‌లు చూడడం, టికెట్లు రాయడం, చిన్నవి సరిచేయడం, పెద్దవి పైవాళ్లకి పంపడం. అక్కడ మీకు రీడిస్ట్రిబ్యూషన్ ముట్టుకునే యాక్సెసే ఇవ్వరు. మీరు ఆ స్థాయి పనికి ఎదిగేసరికి మూడేళ్లు దగ్గరపడతాయి, సర్టిఫికెట్ ఎక్స్‌పైరీకి వస్తుంది. వాడుకోకముందే డేట్ అయిపోయిన మందు కొన్నట్టు అన్నమాట.

ఇంకోటి, ఇంటర్వ్యూ. రెజ్యూమెలో సీసీఎన్పీ అని కనిపిస్తే ఎదురుగా కూర్చున్న వ్యక్తి సీసీఎన్పీ ప్రశ్నలే అడుగుతారు. "మీరు చూసిన పెద్ద అవుటేజ్ ఒకటి చెప్పండి, ఎలా తేల్చారు?" అంటారు. అనుభవం లేనివాళ్లు అక్కడ ఆగిపోతారు. అదే సీసీఎన్ఏ అని ఉంటే, మీరు చదివిన దాంట్లోంచే అడుగుతారు, బాగా చెప్పగలరు.

అమీర్‌పేట ప్యాకేజీ దగ్గర ఏం అడగాలి?

మైత్రీవనం చుట్టుపక్కల తిరిగినవాళ్లకి తెలుసు, చేతిలో ఎన్ని పాంప్లెట్లు పెడతారో. అక్కడ మంచి ఫ్యాకల్టీ కూడా ఉన్నారు, అందరినీ ఒకే గాటన కట్టను. కానీ ఇంట్లో అమ్మానాన్నలు అప్పు చేసో, బంగారం పెట్టో తెచ్చిన డబ్బు అది. కట్టే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి.

ఒకటి, పరీక్ష ఫీజు ఈ ప్యాకేజీలో కలిసి ఉందా, వేరేనా? రెండు, ల్యాబ్ రోజుకి ఎన్ని గంటలు, అది నిజం పరికరాల మీదా, సాఫ్ట్‌వేర్ మీదా? మూడు, సీసీఎన్ఏకి మాత్రమే ఇప్పుడు కట్టి, సీసీఎన్పీకి తర్వాత కట్టొచ్చా? నాలుగు, రెండు డెమో క్లాసులు కూర్చోనిస్తారా? మూడో ప్రశ్నకి "లేదు, ఇవాళే మొత్తం కడితేనే డిస్కౌంట్" అంటే, నమస్కారం పెట్టి వచ్చేయండి. పాఠం బాగుంటే నెల తర్వాత కూడా మీరే వెళ్లి కడతారు కదా.

"పాస్ గ్యారంటీ" అని ఎవరన్నా అంటే ఇంకా జాగ్రత్త. గ్యారంటీ అంటే ఎక్కువగా డంప్స్, అంటే బయటికొచ్చిన పరీక్ష ప్రశ్నలు బట్టీ కొట్టించడం. అది సిస్కో రూల్స్‌కి విరుద్ధం. దొరికితే సర్టిఫికెట్ రద్దు చేస్తారు, మళ్లీ రాయకుండా నిషేధం కూడా పెట్టగలరు. ఇంకా దారుణం, మీ బదులు ఇంకొకరిని కూర్చోబెట్టి రాయించడం. ఆ మాట ఎత్తినవాళ్ల దగ్గర ఒక్క నిమిషం కూడా ఉండకండి.

దొరక్కపోయినా నష్టం మీకే. ఒక ఉదాహరణ చెప్తా. స్విచ్‌ల మధ్య ట్రంక్ పోర్ట్ ఉంటుంది, దాని మీద 10, 20 అనే వీలాన్లు వెళ్తున్నాయి. మీకు టికెట్ వచ్చింది, వీలాన్ 30 కూడా చేర్చమని. కమాండ్‌లో "అలౌడ్ వీలాన్ 30" అని కొట్టారనుకోండి, 10, 20 ఎగిరిపోయి 30 ఒక్కటే మిగులుతుంది. మధ్యలో "యాడ్" అనే మాట ఉండాలి. ఆ ఒక్క మాట మర్చిపోతే ఒక ఫ్లోర్ మొత్తం నెట్ పోతుంది. ఆ ఫ్లోర్ ఏ హాస్పిటల్‌దో, ఏ బ్యాంకుదో అయితే? ల్యాబ్‌లో పది సార్లు చేసినవాళ్ల చేతికి ఆ "యాడ్" అలవాటైపోతుంది. డంప్స్ బట్టీ కొట్టినవాళ్లకి ఆప్షన్ బి అని మాత్రమే గుర్తుంటుంది.

ప్రాక్టీస్ ఎలా, దేని మీద?

సీసీఎన్ఏకి సిస్కో ప్యాకెట్ ట్రేసర్ చాలు. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో అకౌంట్ చేసుకుంటే ఉచితంగా వస్తుంది, మామూలు లాప్‌టాప్ మీద నడుస్తుంది. మీలో చాలామంది అన్నీ ఫోన్‌లోనే చూస్తారని నాకు తెలుసు. ఫోన్‌ని సబ్‌నెటింగ్ లెక్కలకి, వీడియోలకి వాడుకోండి, బస్సులో కూడా చేయొచ్చు. కానీ ల్యాబ్ మాత్రం కీబోర్డ్ మీదే చేయాలి. లాప్‌టాప్ లేకపోతే కాలేజీ ల్యాబ్‌లో అడగండి, ఫ్రెండ్‌ది రెండు గంటలు తీసుకోండి.

సీసీఎన్పీకి ప్యాకెట్ ట్రేసర్ సరిపోదు. ఈవ్ ఎన్‌జీ, జీఎన్ఎస్3, సిస్కో మోడలింగ్ ల్యాబ్స్ లాంటివి కావాలి. ఇవి నిజమైన రౌటర్ సాఫ్ట్‌వేర్‌ని కంప్యూటర్‌లో నడిపిస్తాయి, కాబట్టి ర్యామ్ బాగా తింటాయి. ఇది కూడా లెక్కలో వేసుకోండి, సీసీఎన్పీ ఖర్చు పరీక్ష ఫీజుతో ఆగదు.

పరీక్ష హాల్ గురించి చిన్న చిన్న విషయాలు

సిస్కో అకౌంట్‌లో పేరు మీ ఐడీ కార్డు మీద ఉన్నట్టే అక్షరం అక్షరం ఉండాలి. మన తెలుగువాళ్లకి ఇక్కడే తలనొప్పి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్ట్‌లో వెనక, ఇంకో కార్డులో ఇనిషియల్ ఒక్కటే. స్లాట్ బుక్ చేయకముందే ఇది సరిచేసుకోండి. పేరు కలవకపోతే లోపలికి పంపరు, ఫీజు పోతుంది.

పరీక్షలో ఒక ప్రశ్న దాటి ముందుకెళ్తే మళ్లీ వెనక్కి రావడం కుదరదు. ఈఏపీసెట్‌లో లాగా "తర్వాత చూద్దాం" అని వదిలేసే పద్ధతి ఇక్కడ పనిచేయదు. పాస్ మార్కు ఎంతో సిస్కో బయటికి చెప్పదు, కాబట్టి "ఇంత వస్తే చాలు" అనే లెక్కలు మానేయండి. ఫెయిల్ అయితే ఐదు రోజులు ఆగాక మళ్లీ రాయొచ్చు, కానీ ఫీజు మళ్లీ మొత్తం కట్టాలి.

సిస్కో ఒక్కటేనా?

కాదు. కాంప్‌టియా నెట్‌వర్క్ ప్లస్ అని ఉంది, అది ఏ కంపెనీకీ చెందని బేసిక్స్ నేర్పుతుంది. గరిష్ఠంగా 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. జూనిపర్ కంపెనీకి జేఎన్‌సీఐఏ ఉంది. మీరు వెళ్లాలనుకునే కంపెనీల ఉద్యోగ ప్రకటనలు ఒక ఇరవై తీసి, ఏ పేరు ఎక్కువ సార్లు వస్తోందో మీరే లెక్కపెట్టండి. అంతకన్నా మంచి సర్వే లేదు.

మీ మనసు పూర్తిగా కోడింగ్ మీద ఉంటే సీసీఎన్ఏ సర్టిఫికెట్ అవసరం లేదు. నేను సాఫ్ట్‌వేర్ వైపు పనిచేసినవాణ్ణి, చెప్తున్నా. డెవలపర్‌కి డీఎన్ఎస్, పోర్టులు, సబ్‌నెట్, ఫైర్‌వాల్ అర్థమైతే చాలా ఉపయోగం, కానీ దానికి ముప్పై వేల పరీక్ష రాయక్కర్లేదు. ఉచిత పాఠాలు చూసి ప్యాకెట్ ట్రేసర్‌లో ఆడుకుంటే సరిపోతుంది.

సరే, మొత్తం ఒకసారి చెప్పేసుకుందాం. చదువుతున్నారా, ఉద్యోగం వెతుకుతున్నారా? సీసీఎన్ఏ ఒక్కటే, ల్యాబ్ చేతిలో ఆడేదాకా. ఎల్1లో చేరారా? సర్టిఫికెట్ గొడవ ఏడాది మర్చిపోండి, సీనియర్లకు పంపిన ప్రతి టికెట్‌నీ వాళ్లు ఎలా సాల్వ్ చేశారో తర్వాత తెరిచి చదవండి. రెండేళ్లు దాటాయా? ఎన్‌కోర్ మొదలుపెట్టండి, సీసీఎన్ఏ గడువు తేదీ చూసుకుని స్లాట్ బుక్ చేయండి. సీసీఐఈ సంగతి అప్పుడు మీరే నాకు చెప్తారు.

వెళ్లే ముందు ఒక ప్రశ్న. ఒక కంప్యూటర్ అడ్రస్ 192.168.10.77, మాస్క్ స్లాష్ 26. దాని నెట్‌వర్క్ అడ్రస్ ఏంటి, బ్రాడ్‌కాస్ట్ అడ్రస్ ఏంటి? స్లాష్ 26 అంటే 64 అడ్రసుల గంప, అందులో వాడుకోడానికి 62. ఈ హింట్ చాలు. నిమిషంలోపు కాలిక్యులేటర్ లేకుండా వస్తే మీరు దారిలోనే ఉన్నారు. రాకపోతే ఏ ప్యాకేజీకీ డబ్బు కట్టకండి, ముందు వారం రోజులు ఇది ప్రాక్టీస్ చేయండి, దీనికి పైసా ఖర్చు లేదు. జవాబు కింద కామెంట్‌లో రాయండి, ఎలా వచ్చిందో కూడా రాయండి. ఈ డబ్బు కట్టబోతున్న ఫ్రెండ్ ఎవరన్నా ఉంటే వాళ్లకి ఇవాళే పంపండి. తర్వాతి ఎపిసోడ్‌లో సబ్‌నెటింగ్‌ని బోర్డు మీద వేసి చూద్దాం.